మెడపట్టీ మాట

షెల్టరు కుక్కలకు వాటి మనసులో మాట పలికే మెడపట్టీలు వచ్చాక, వాటి కళ్లలోకి చూడటం అందరూ మానేశారు. సీతారత్నానికి మాత్రం ఆ పట్టీ మీద మొదటి రోజు నుంచీ గురి కుదరలేదు. రెండు వారాలు చూసుకోమని ఆమెకు అప్పగించిన నల్లకుక్క, పాత యజమాని మాటెత్తితే చాలు, మంచం కింద నక్కి వణుకుతుంటుంది. పట్టీ మాత్రం "మా అయ్యగారి దగ్గరికి వెళ్తాను" అని తీయగా పలుకుతుంది. ఆ మాట నమ్మి, కుక్కను రేపు పాత యజమానికే ఇచ్చేస్తారట.

ఆమె పట్టీ విప్పి ఆవకాయ జాడీ మెడకు చుట్టింది.

"మా అయ్యగారి దగ్గరికి వెళ్తాను" అంది జాడీ.

మర్నాడు షెల్టరు ఉద్యోగి వచ్చాడు.

"కుక్కనివ్వండమ్మా. వాళ్ల అయ్యగారి మీద బెంగ పెట్టుకుందట."

సీతారత్నం జాడీ తెచ్చి అతని చేతుల్లో పెట్టింది.

"బెంగ పెట్టుకుంది ఇదే బాబూ. జాగ్రత్తగా తీసుకెళ్లు, నూనె ఒలుకుతుంది."