కుర్చీ మీద టోపీ

ఇది మూడోసారి. ఈసారీ ఓడితే ఇక ఎన్నికల పేరెత్తనని ఆర్డిస్ హోవ్‌లాండ్ తమ్ముడు కర్టిస్ ముందు ఒట్టేసుకుంది.

నార్త్ డకోటా రాష్ట్ర సెనేట్‌లో ఇరవై మూడో నియోజకవర్గమంటే బ్రెకీల సొంత పొలం కింద లెక్క. తాత పద్దెనిమిదేళ్ళు, తండ్రి ఇరవై రెండేళ్ళు, ఆ తర్వాత పాల్మర్ బ్రెకీ ఇరవై ఎనిమిదేళ్ళు. మధ్యలో సరిహద్దులు ఆరుసార్లు మార్చారు. కొన్ని ఊళ్ళు పోయాయి, కొన్ని వచ్చి చేరాయి. కుర్చీ మాత్రం ఆ ఇంటిని వదల్లేదు.

ఆర్డిస్‌కి పదవి మోజేం లేదు. ఊళ్ళో కాన్పుల ఆసుపత్రి మూసేశారు. తొమ్మిదేళ్ళ కిందట ఆమె కూతురు తొంభై మైళ్ళ అవతలి ఆసుపత్రికి పోతూ దారిలోనే, కారులోనే బిడ్డను పోగొట్టుకుంది. ఆసుపత్రి తెరిపించాలి. అదొక్కటే ఆమె పంతం.

ముసలి గ్లాడిస్ ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద ఫొటోలో పాల్మర్ నవ్వుతున్నాడు.

"నువ్వు మంచిదానివేనమ్మా. ఆసుపత్రీ కావాల్సిందే," అంది గ్లాడిస్, వేడి రొట్టె మీద వెన్న రాస్తూ. "కానీ మా ఆయన పోయిననాడు అంత మంచులోనూ వచ్చి శవపెట్టె మోసినవాడు పాల్మర్. కాగితం మీద ఆయన పేరుండగా ఇంకోచోట గుర్తు పెట్టడానికి నాకు చెయ్యాడదు."

ఏ ఇంటికెళ్ళినా ఇదే పాట.

"ఇల్లు కదలకుండానే గెలిచేట్టున్నాడురా," అంది ఆర్డిస్, కర్టిస్ నడిపే కారెక్కుతూ.

"నాలుగు దులిపెయ్యక్కా! ఆసుపత్రి మూస్తుంటే నోరు మెదపలేదని చెప్పు."

"ఇప్పుడా? ఇప్పుడు తిడితే ఊరు నా మొహాన ఉమ్ముతుంది."

చర్చి హాల్లో ఇద్దరికీ ముఖాముఖి చర్చ పెట్టారు. రెండు కుర్చీలు వేశారు. పాల్మర్ రాలేదు. అతని కుర్చీ మీద ఎవరో అతని బూడిదరంగు టోపీ తెచ్చి పెట్టారు.

ఆర్డిస్ ఇరవై నిమిషాలు గుక్క తిప్పుకోకుండా మాట్లాడింది. మర్యాదకి చప్పట్లు కొట్టారు. తర్వాత చర్చ నడిపే పెద్దమనిషి టోపీ వైపు చెయ్యి చూపించాడో లేదో, హాలంతా లేచి నిలబడింది.

అప్పట్నుంచి ఏ తలుపు కొట్టినా లోపల్నుంచి అతనే వచ్చి తీస్తాడేమోనని ఆర్డిస్ ఒకడుగు వెనక్కి వేసి నిలబడేది.

నూట పన్నెండు ఓట్ల తేడాతో ఓడిపోయింది.

మర్నాడు పొద్దున్నే కోటు తొడుక్కుంది. ఓడినవాళ్ళు స్వయంగా వెళ్ళి, చేతి తొడుగు తీసి, గెలిచినవాళ్ళకి చెయ్యందించి రావడం అక్కడి ఆనవాయితీ.

"ఈసారి కూడానా అక్కా? నీకేమైనా పిచ్చా?" కర్టిస్ విసుక్కున్నాడు.

"రెండుసార్లూ వెళ్ళానుగా. కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాడు. ఇప్పుడు మానేస్తే ఏం బాగుంటుందిరా?"

దారి పొడుగునా మంచు. ఆర్డిస్ కారు దిగి ఒక్కతే నడిచివెళ్ళి, తొడుగు తీసి, చెయ్యి చాచింది.

"నువ్వే గెలిచావు, పాల్మర్," అని, ఇక పేర్లు మార్చడానికి వీల్లేకుండా ఓటు కాగితాలు అచ్చయిన మర్నాటి తారీఖు చెక్కి ఉన్న అతని సమాధి రాయి మీది మంచును వట్టి చేత్తో తుడిచింది.