తొమ్మిదో ప్రశ్న

చీటీని పెట్టెలో వేసింది జీవమ్మే. పాపం, ఆమె తప్పేమీ లేదు.

కోడుమూరు దగ్గరి ఆ పల్లెలో ఆదివారం చర్చికి వచ్చేవాళ్లు తమ కష్టాన్ని ఒక చీటీ మీద రాసి, నాలుగు మడతలు పెట్టి, బైబిల్లో ఉంచుకుని వస్తారు. వాకిట్లో ఉన్న పెట్టెలో వేస్తారు. పాస్టరు దావీదురాజు ఒక్కో చీటీ తీసి పైకి చదివి, అందరిచేతా ప్రార్థన చేయిస్తాడు. ఆ రోజు కూతురు దీవెన బైబిల్లో నాలుగు మడతల చీటీ కనబడింది జీవమ్మకు. గురువారం కర్నూలులో పరీక్ష కదా, దాని కోసమే రాసి, వేయడం మరిచిపోయిందనుకుంది. ఆమెకు చదువు రాదు.

దీవెనకు పద్దెనిమిదేళ్లు. కాలేజీ మానేసి, పత్తి చేలకు కూలికి పోతూ, ఓపెన్ స్కూల్లో ఇంటర్ కట్టింది. మిగతావన్నీ గట్టెక్కాయి. సైకాలజీ ఒక్కటే మిగిలింది. అది చెప్పే సారు చుట్టుపక్కల ఎక్కడా లేడు. ఏడాదిగా పుస్తకం ముందేసుకుని ఒక్కతే కుస్తీ పడుతోంది.

దావీదురాజు చీటీ విప్పి చదివాడు.

“ఒక అమ్మాయి నాలుగు నెలలుగా సరిగా నిద్రపోవడం లేదు. అన్నం రుచి తెలియడం లేదు. నలుగురిలో బాగా నవ్వుతుంది. తను లేకపోతే ఇంట్లో వాళ్లు సుఖంగా ఉంటారని అనుకుంటుంది. ఈమెకు ఏమైంది? ఎవరు సాయం చేయాలి?”

పత్తి విత్తనాల కరపత్రం వెనక రాసిన పచ్చ కాగితం అది. తను వేసిన చీటీయేనని గుర్తుపట్టి జీవమ్మ ఘొల్లుమంది.

ఇక చూడాలి వాళ్ల హడావిడి! ఆడవాళ్లంతా దీవెన చుట్టూ మూగి తల మీద చేతులు పెట్టారు. మూడు రోజులు ఉపవాస ప్రార్థన అన్నారు. పిల్లను ఒంటరిగా వదలొద్దన్నారు. పెరట్లోకి పోయినా వెనక ఒక మనిషి. సంఘపెద్ద జయపాల్ అయితే మరీనూ. మనసు గురించి చదివితే మనసు చెడిపోక ఏమవుతుందని తేల్చేసి, పుస్తకం పట్టుకుపోయి బీరువాలో పెట్టి తాళం వేశాడు. నాలుగు రోజుల్లో పరీక్ష పెట్టుకుని పుస్తకం లాక్కుంటే ఆ పిల్ల గతేం కావాలి? ఆ ఆలోచన ఒక్కరికైనా ఉంటేగా.

మంగళవారం దీవెనే పాస్టరు ఇంటికి వెళ్లింది.

“అయ్యగారూ, అది నా గురించి కాదు. పుస్తకంలోది. ఏడో పాఠం చివర తొమ్మిదో ప్రశ్న. జవాబు రాసి చూసుకుందామని చీటీ మీద ఎత్తి రాసుకుంటి. మాయమ్మ పెట్టెలో ఏసింది.”

“ప్రశ్ననా?”

“ప్రశ్నే. ఇట్లాంటివి పరీక్షలో శానా వస్తాయి.”

దావీదురాజుకు తల కొట్టేసినట్టయింది. పాఠంలోని ప్రశ్న కోసం సంఘమంతా పస్తులుంటోంది మరి! అప్పటికప్పుడు వెళ్లి, జయపాల్ చేత బీరువా తీయించి, పుస్తకం తెచ్చి దీవెన చేతిలో పెట్టాడు. తెరిచి చూడడానికి కూడా మొహం చెల్లలేదు.

బుధవారం ఊరంతా ఇదే నవ్వు. చేలో ఆడవాళ్లు, ఈ పొద్దు ఏం ప్రశ్న రాసుకుంటివని దీవెనను ఆటపట్టించారు. అందరికంటే ఎక్కువ దీవెనే నవ్వింది.

గురువారం తల్లీకూతుళ్లకు తోడుగా కర్నూలు దాకా వచ్చాడు దావీదురాజు. పిల్లను ఏడిపించామన్న బాధ ఆయనకింకా పోలేదు. పుస్తకం లోపలికి తీసుకుపోకూడదు కాబట్టి దీవెన దాన్ని తల్లి ఒళ్లో పెట్టి, హాల్ టికెట్ పట్టుకుని వెళ్లింది. గేటు మూశారు. ఇక మూడు గంటలు కాచుకోవాలి. ఇద్దరూ ప్రహరీ నీడన కూర్చున్నారు.

“ఆ పొద్దు నా పానం పోయింది అయ్యగారూ,” అంది జీవమ్మ. “ఉత్త ప్రశ్నేనని తెలిసినాంక నిద్ర పట్టె. అది యాడుండాదో నాకూ రోంత చూపీండి.”

దావీదురాజు నవ్వుతూ కళ్లజోడు పెట్టుకున్నాడు. ఏడో పాఠం చివరి పేజీ తీశాడు.

అచ్చులో ఉన్న ప్రశ్నలు ఎనిమిదే. వాటి కింద ఖాళీ జాగాలో, పెన్సిలుతో, దీవెన చేతిరాతలో ఉంది తొమ్మిదోది.