ఇద్దరి ఒట్టు

తాడిపత్రిలో బండల పాలిష్ పని చేసే పుల్లన్న, గంగాధర్ ఒకే రోజు బీడీలు మానేశారు. ఆ మాట ఎత్తింది గంగాధరే. ఊరి దేవత చౌడమ్మ మీద ఒట్టు కూడా వేయించాడు.

ఎనిమిది రోజులు పుల్లన్నకు చేతులు వణికాయి. అన్నం సయించలేదు. ఊరికే భార్య మీద అరిచాడు. గంగాధర్ ఓర్చుకుంటున్నాడు కదా అని తనూ ఓర్చుకున్నాడు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం బండల వరస వెనక గంగాధర్ బీడీ తాగుతూ కనబడ్డాడు.

"ఎన్నాళ్ల నుంచి?"

"నేను మానిందే లేదప్పా."

పుల్లన్న అతని చొక్కా పట్టుకున్నాడు. "నేను ఇట్లా చస్తాంటే నవ్వుకుంటాండావా? ఒట్టెందుకు వేయించినావు?"

గంగాధర్ విడిపించుకోలేదు. "మనిద్దరి దగ్గుకు తీసిన ఎక్స్‌రేలు నేనే తెచ్చినా కదా. బీడీ మాన్తే నువ్వు బాగయితావని డాక్టరు చెప్పినాడు. నాకు మానినా ఒకటే, మానకున్నా ఒకటేనంట. ఒక్కడివే అయితే నువ్వు మానవని..."

పుల్లన్న చొక్కా వదిలేశాడు. "ముప్పై ఏండ్ల స్నేహమప్పా. ఇంత మాట నాతో దాస్తావా?"

గంగాధర్ చేతిలో బీడీ ఆరిపోయింది. మళ్లీ వెలిగించబోతే గాలికి అగ్గిపుల్ల నిలవలేదు.

పుల్లన్న రెండు చేతులూ అడ్డం పెట్టాడు.