అద్దం మీద దరువు

ఆవిడ వచ్చి కూర్చున్న తీరే అర్లన్‌కి తేడాగా అనిపించింది.

మధ్యాహ్నం రెండు గంటలకి కాలేజీ అమ్మాయిల ఐస్ హాకీ ఆట. బయట సున్నాకి ఇరవై డిగ్రీల దిగువన చలి. లోపల మూడు వేల మంది, దాదాపు అందరివీ ఊరి జట్టు మెరూన్ రంగు బట్టలే. ఆవిడ మాత్రం బూడిద రంగు కోటు. చేతిలో కాఫీ లేదు, ఒడిలో తిండి లేదు. గోల్ వెనక మొదటి వరసలో, ఆటస్థలం చుట్టూ కట్టిన అద్దానికి ముక్కు ఆనేంత దగ్గరగా కూర్చుని, గోల్ కాస్తున్న అవతలి కాలేజీ గోలీ వీపు మీద చూపు పాతేసింది.

అర్లన్ ఆ వరసలో పంతొమ్మిదేళ్ళుగా కూర్చుంటున్నాడు. స్కూలు బస్సు నడిపి రిటైరయ్యాడు, గొంతు మాత్రం ఇంకా రిటైరవలేదు. అవతలి గోలీని ఏడిపించడం ఆ వరస వాళ్ళ హక్కు. ఒక్క గోల్ పడితే చాలు, మూడు వేల మంది ఆ పిల్ల వైపు వేళ్ళు చూపించి "జల్లెడ! జల్లెడ!" అని అరుస్తారు. తమ ఊరి అమ్మాయిలు ఈ రౌండు దాటి తొమ్మిదేళ్ళయింది. ఇవాళ ఓడినవాళ్ళు ఇంటికి పోవడమే.

రెండో నిమిషంలో మెరూన్ అమ్మాయి ఒకతె నల్ల బిళ్ళని కర్రతో తోసుకుంటూ ఎడమ పక్క నుంచి దూసుకొచ్చింది.

ఢబ్! ఢబ్!

ఆవిడ అరచేత్తో అద్దాన్ని బాదింది. గోలీ ఉలిక్కిపడ్డట్టు తల తిప్పింది. బిళ్ళ ఆ పిల్ల కాలికి తగిలి పక్కకి పోయింది.

"శభాష్ చెల్లెమ్మా!" అన్నాడు అర్లన్. "వెంట్రుకవాసిలో తప్పింది. అలా బాదుతూ ఉండు, దాని గుండె జారిపోవాలి."

ఆవిడ నవ్వలేదు. తల తిప్పను కూడా లేదు.

కాసేపటికి కుడి పక్క నుంచి ముగ్గురు ఒక్కసారే గోల్ మీద పడ్డారు. జనం లేచి నిలబడ్డారు. ఆవిడ చెయ్యి ఒళ్ళోనే ఉంది.

"ఇప్పుడు కొట్టవేం?"

"ఇప్పుడు అక్కర్లేదు."

మొదటి విరామంలో అర్లన్ తన మెరూన్ మఫ్లర్ తీసి ఆవిడ భుజాల మీద వేశాడు. ఆవిడ వద్దనలేదు.

"ఆ పిల్ల ఎవరో తెలుసా నీకు?"

"టోవా. నాలుగో ఏడు చదువుతోంది. ఫిబ్రవరిలో, మంచు తుఫాను రోజున పుట్టింది."

అవతలి గోలీల కూపీ లాగి, దాంతోనే వాళ్ళని ఏడిపించడం ఆ వరసలో పాత అలవాటే. అర్లన్ కూడా ఒకప్పుడు ఒక గోలీ పెంపుడు కుక్క పేరు కనుక్కొచ్చాడు. కానీ ఇంత లోతుకి తవ్వినవాళ్ళని అతనూ చూడలేదు.

"ఇదే ఆఖరి ఏడు," అంది ఆవిడ మెల్లగా. "ఆ తర్వాత అది మంచు మీద కాలు పెట్టదు."

అర్లన్ చెయ్యి కోటు జేబులోకి వెళ్ళిపోయింది. ఆ మాటకి అతనికి నిజంగానే భయం వేసింది.

రెండో భాగంలో జట్లు వైపులు మార్చుకున్నాయి. ఆవిడ లేచింది.

"ఎక్కడికి చెల్లెమ్మా?"

"అదెక్కడుంటే అక్కడికి."

మైదానం అటు చివర బూడిద రంగు కోటు కనపడుతూనే ఉంది. దరువు ఇక్కడిదాకా వినపడుతోంది. పగబట్టిన పాము కూడా ఇంతలా వెంటపడదు అనుకున్నాడు అర్లన్. కాపలావాళ్ళకి చెబుదామా అని ఒక్క క్షణం అనిపించింది. మళ్ళీ అనిపించింది, మనకి మేలే కదా, మనకెందుకు?

ఆఖరిదైన మూడో భాగానికి గోలీ మళ్ళీ ఇటు వచ్చింది. వెనకే ఆవిడా వచ్చింది. అరచెయ్యి కందిపోయి ఒకచోట చిట్లింది. బాదినప్పుడల్లా అద్దం మీద ఎర్రటి మరక పడుతోంది.

సున్నా, సున్నా. ఇంకా నిమిషం ఉంది.

అర్లన్ ఉండబట్టలేక లేచాడు. వెనక్కి తిరిగి కాలేజీ కుర్రకారుని కేకేశాడు.

"ఒరే పిల్లలూ, డప్పులు పక్కన పడేయండి! ఆవిడలా అద్దం బాదండి! అందరూ రండర్రా!"

చెప్పడమే ఆలస్యం. యాభై అరవై మంది అద్దం మీద పడ్డారు. పిడికిళ్ళు, మోచేతులు, బూట్లు. అద్దం ఊగిపోయింది.

ఆవిడ అర్లన్ కోటు పట్టుకుంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఆపించండి! మీ కాళ్ళు పట్టుకుంటాను, నన్నొక్కదాన్నే కొట్టనివ్వండి!"

"అన్నీ నువ్వే చేస్తే ఎలా చెల్లెమ్మా? మాకూ కాస్త పుణ్యం దక్కనీ!"

నవ్వుతూ అతనూ రెండు చేతులా బాదాడు.

గోలీ తల ఒకసారి కుడికి తిరిగింది, ఒకసారి వెనక్కి తిరిగింది. బిళ్ళ ఎడమ పక్క నుంచి వచ్చింది. ఆ పిల్ల ఇంకా కుడివైపే చూస్తోంది.

గోల్!

"జల్లెడ! జల్లెడ!" కప్పు ఎగిరిపోయేలా అరిచారు. కాసేపటికి ఆట ముగిసినట్టు హారన్ మోగింది. తొమ్మిదేళ్ళ దరిద్రం వదిలింది. అర్లన్ కళ్ళు తుడుచుకుని పక్కకి చూశాడు. ఆవిడ మఫ్లర్ తీసి అతని సీటు మీద పెడుతోంది.

గోలీ మాస్కు తీసేసి తిన్నగా ఇటే వచ్చింది. తిట్టడానికే వస్తోందని అర్లన్ ఛాతీ విరుచుకున్నాడు. ఆ పిల్ల అతన్ని పట్టించుకోలేదు. కుడి కన్ను ఆవిడ మీద ఉంది. ఎడమ కన్ను అర్లన్ వైపే తిరిగి ఉంది కానీ, అందులో చూపు లేదు.

ఎర్రటి మరక మీద ఇటు నుంచి ఆవిడ, అటు నుంచి ఆ పిల్ల చేతులు ఆనించారు.

"అమ్మా," అంది ఆ పిల్ల వెక్కుతూ, "అందరూ కొడుతుంటే నీ చప్పుడేదో నాకు తెలియలేదే!"