నాలుక కాల్చని పైపు

“ఏ అలవాటూ లేదా? నిజం చెప్పు,” అన్నాడు డాక్టర్ సీతారామయ్య, బాలనర్సయ్య నోట్లోకి వేసిన టార్చిలైటు ఆర్పుతూ.

బాలనర్సయ్య తల అడ్డంగా ఊపాడు. నాలుక అంచున పుండు పెరిగినప్పటి నుంచి అతను మాట్లాడటమే తగ్గించేశాడు. పక్కనున్న భార్య భూలక్ష్మే జవాబు చెప్పింది. బీడీ లేదు, సిగరెట్ లేదు. పెళ్లి తాంబూలంలో వక్క కూడా తీసి పక్కన పెట్టే మనిషి. కావాలంటే లింగంపల్లిలో ఎవరినైనా అడగమంది.

“మరి చొక్కాకి ఆ పొగాకు వాసనేమిటి?”

“ఆబిడ్స్‌ల పెద్ద దుకాణంల నౌకరి సార్. పొగ తాగే పైపులమ్మే కాడ ఉంటడు. వాసన అక్కడిదే. జర మంచిగ చూడుండ్రి.”

డాక్టర్ మళ్లీ చూడలేదు. చేతులు కడుక్కుని వచ్చి, క్యాన్సర్ లాగే ఉందని, పొద్దున్నే రైలెక్కి పట్నంలో పెద్ద దవాఖానకు వెళ్లమని చెప్పాడు. నాలుక సగం తీసేయాల్సి రావచ్చు. తీసినా బతుకుతాడని మాటివ్వలేనన్నాడు. పొగ తాగేవాడైతే ఇవాళే మానమని చెప్పేవాడినని, ఇతన్ని ఏం మానమనాలో తనకే తెలియడం లేదన్నాడు.

భూలక్ష్మి ఏడవలేదు. కొంగు వేలికి చుట్టుకుంటూ, “ఏదీ ముట్టనోనికి గిదెట్లొచ్చింది సార్?” అంది.

ఆయన బల్ల మీది పైపు తీసి వెలిగించాడు. ఏదో ఒకటి మాట్లాడాలన్నట్టు, అది బాలనర్సయ్య వాళ్ల దుకాణంలో కొన్నదేనన్నాడు. నిజాం రోజుల్లో పెద్ద పెద్ద ఆఫీసర్లు అక్కడే కొనేవారట. నిజాం పోయినా ఆ దుకాణం పైపులకి పేరు పోలేదట.

“ఇంకెక్కడైనా కొత్త పైపు కొంటే, లోపల మసి పట్టేదాకా నెల రోజులు నాలుక మండిపోతుంది. మీ వాటితో మొదటి రోజు కూడా మంట ఉండదు. ఏం చెక్కయ్యా అది?”

బాలనర్సయ్య ఆయన నోట్లోని పైపు వైపు చూశాడు. వచ్చినప్పటి నుంచి మొదటిసారి నోరు విప్పాడు. మాట ముద్దముద్దగా వచ్చింది.

“చెక్క అందరిదొక్కటే సార్. కొత్తవి నెల దినాలు నేను నోట్ల పెట్టుకొని కాల్చి, మంట పోయినంక అమ్ముతం. అది నౌకరి సార్, అలవాటు కాదు.”