తోడుకోకూడని పాలు

1983 జూన్‌లో, హనుమకొండలోని ఒక డెయిరీ ప్రయోగశాలలో రాత్రి తొమ్మిదికి కరెంటు పోయింది. పరిశోధకురాలు అనసూయ లాంతరు వెలుగులో పాలున్న గాజు గొట్టాలను వంచి చూస్తోంది. వాటిలో వేసిన పెరుగు బాక్టీరియా, పాలచక్కెరను విడగొట్టే ఎంజైము జన్యువును పోగొట్టుకుంది. కాబట్టి పాలు తోడుకోకూడదు. ఆ మాట నిరూపించడానికే ఆమె మూడేళ్లు పనిచేసింది. పొద్దున పరీక్షాధికారులు వచ్చి ఈ గొట్టాలే చూస్తారు.

మొదటి గొట్టంలో పాలు గడ్డకట్టి కదల్లేదు. రెండో దానిలోనూ కదల్లేదు.

"కొమురక్కా, వీటిల్ల ఎవరన్న తోడు ఏసిన్రా?"

"దీపం పెట్టినంక పక్కింటోళ్లకే తోడు ఇయ్య. నీ సీసలకిస్తనా బిడ్డా?" ప్రయోగశాల ఆయా కొమురక్క నవ్వింది.

పోయిన జన్యువు తిరిగి రావాలంటే, అది ఉన్న మరో బాక్టీరియా వచ్చి తాకాలి. మూతల మీద మైనం మాత్రం పగల్లేదు.

చివరి గొట్టంలో బాక్టీరియా వేయలేదు. ఉన్నది మరిగించిన పాలే. అనసూయ వంచింది. పాలు జారాయి.

"ఇదొక్కటన్న మంచిగున్నది."

"జర మళ్ల సూడు," అంది కొమురక్క. ఇప్పుడామె నవ్వడం లేదు.

అనసూయ గొట్టాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. పాల చప్పుడు వినిపించలేదు; క్షణం కిందట జారిన పాలు తోడుకున్నాయి.