ఖాళీగా వదిలిన గడి

"సార్, ఈ పని ఇంకెవరికన్న ఇయ్యండి. నాతోని కాదు," అంది సుకన్య.

రామభద్రరావు కళ్ళజోడు తీశారు. "నువ్వు రాసిన ప్యాకేజీయే కదమ్మా! ఈ పని చూసే దేవకృప సెలవులో ఉంది. సాయంత్రానికి ఇస్తానని ఒప్పేసుకున్నాను."

నిశ్చితార్థం దాకా వచ్చి సుకన్య పెళ్ళి ఆగిపోయిందని ఆయనకు తెలుసు. అప్పట్నుంచి ఆమె పెళ్ళి సైట్లు ముట్టడం లేదనీ తెలుసు. అందుకే కేకలు వేయలేదు. పని మాత్రం తప్పించలేదు.

సీతాఫల్‌మండిలో మేడ మీది చిన్న కంపెనీ అది. ఊరంతా సాఫ్ట్‌వేర్ జపం చేస్తున్న రోజులు. శుభలేఖతో పాటు వెబ్‌సైటూ ఉండాలన్న సరదా అప్పుడే మొదలైంది.

పేర్లకో చిన్న ప్రోగ్రాం, అంటే మాడ్యూల్, ముహూర్తానికో మాడ్యూల్, ఫోటోలకో మాడ్యూల్, మండపానికి దారి చూపడానికి ఇంకోటి. అన్నిటినీ కలిపి సుకన్య ఒక ప్యాకేజీగా కట్టిపెట్టింది. ఎవరి పెళ్ళికైనా దాన్నే తెరిచి, గడుల్లో వివరాలు నింపితే చాలు. ఖాళీగా వదిలేస్తే మాత్రం మొదట రాసినప్పటి వివరమే తెర మీదికి వచ్చేస్తుంది. అందుకే "ఒక్క బాక్స్ సుత ఖాళీ ఇడ్వకుండ్రి," అని ఆమే అందరి ప్రాణం తీసేది.

పెళ్ళికూతురు పూజిత నేరేడ్‌మెట్ నుంచి స్వయంగా వచ్చి పక్కన కూర్చుంది. పాపం, మంచి పిల్ల. నోరారా అక్కా అని పిలుస్తోంది.

"మాది అనకాపల్లక్కా. పెళ్ళికొడుకు వాళ్ళూ మా వైపువాళ్ళే. ఆయన మీరు చేసిన సైటేదో చూశారట, అచ్చం అలాగే కావాలన్నారు."

సుకన్య కీబోర్డు దగ్గరికి లాక్కుని పూజిత పేరు కొట్టింది. తర్వాత పూజిత అమ్మానాన్నల పేర్లు, ముహూర్తం, మండపం.

"ఆగిపోయారేంటక్కా? ఒంట్లో బాలేదా?"

"ఏం లేదమ్మా. పొద్దున ఏం తినలే, అంతే."

పేజీ తెరుచుకుంది. తన పేరు చూసుకుని పూజిత చప్పట్లు కొట్టింది. అంతలోనే కళ్ళు పెద్దవి చేసింది.

"అదేంటక్కా, ఆయన పేరు నేనింకా చెప్పనేలేదు కదా!"

వరుడి గడిని సుకన్య ఖాళీగానే వదిలేసింది. ఆ ప్యాకేజీ ఆమె మొదట రాసుకున్నది ఆగిపోయిన తన పెళ్ళికే, వరుడిగా సూర్య అనే పేరు అందులో అప్పట్నుంచే ఉంది.